వరుసకు మొదటి తీగ

1989 ఆగస్టులో నన్ను హైదరాబాద్‌లోని పరిశోధన కేంద్రం నుంచి సిద్దిపేటకు పంపారు. హోదా మొక్కల తెగుళ్ల సహాయ శాస్త్రవేత్త. చుట్టుపక్కల పండ్లతోటల్లో వచ్చే తెగుళ్లను గుర్తించి, నిర్ధారించి, పై అధికారికి రిపోర్టు రాయడం నా పని. గుర్తించడం వేరు, నిర్ధారించడం వేరు. ఆకును చూసి ఇది ఫలానా తెగులులా ఉంది అనడం గుర్తించడం. ఆ ఆకులోంచి క్రిమిని బయటికి తీసి, పెంచి, ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఎక్కించి, దానికీ అదే జబ్బు తెప్పించి, అందులోంచి మళ్లీ అదే క్రిమిని తీసి చూపించడం నిర్ధారించడం. మొదటిది అయిదు నిమిషాల పని. రెండోదానికి నెల పడుతుంది. ఆ నెల రోజులూ నోరు ఎలా అదుపులో పెట్టుకోవాలో మాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు.

మా ప్రయోగశాల అంటే ఒక కిరాయి ఇంట్లో రెండు గదులు. ఒక సూక్ష్మదర్శిని, గాజు సామాను ఉడికించి శుద్ధి చేయడానికి ఒక ప్రెషర్ కుక్కర్, క్రిములను వెచ్చగా పెంచడానికి లోపల బల్బు బిగించిన చెక్కపెట్టె. వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే అటెండరు మొయిన్ సాబ్. నాకంటే పదేళ్లు పెద్ద. కరెంటు పోతే పెట్టెలో వేడినీళ్ల సీసాలు పెట్టి క్రిములను బతికించిన మనిషి.

నేను మొదటినుంచీ అనుమానం మనిషిని. ఇంటికి పాలు తెచ్చేవాడు నన్ను చూస్తే రెండుసార్లు కొలిచేవాడు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా వృత్తిలో ఆ భూతమే అన్నం పెడుతుంది. మచ్చ కనిపించగానే నమ్మేవాడు మందుల దుకాణం పెట్టుకోవాలి, తెగుళ్ల శాఖలో చేరకూడదు.

ఆ రోజుల్లో గజ్వేల్ నుంచి జగదేవ్‌పూర్ వెళ్లే దారి పొడుగునా ద్రాక్ష పందిళ్లు ఉండేవి. ద్రాక్షకు ఏడాదిలో రెండు కత్తిరింపులు. వేసవిలో చేసేది కొమ్మ కోసం, అక్టోబరులో చేసేది కాయ కోసం. అక్టోబరు కోత తర్వాత వచ్చే చిగురుతోనే పూగుత్తి బయటపడుతుంది. ఆ చిగురు మాడిందంటే ఆ ఏడాది పంట లేనట్టే.

నవంబరు మొదట్లో ఆ దారిలోని ఒక ఊరి నుంచి నర్సింహారెడ్డి అనే పెద్ద రైతు మా ఆఫీసుకు వచ్చాడు. ఊళ్లో అందరూ ఆయన్ను పటేల్ అనేవారు. పేపర్లో చుట్టిన ద్రాక్ష కొమ్మను నా బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే అన్నాడు.

"మేడం, నా తోటల విషం పెట్టిన్రు. మీరు చూసి రాసియ్యాలె."

చూశాక ఏమనిపిస్తే అది రాస్తానని చెప్పి, మర్నాడు మొయిన్ సాబ్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. అంతకు ముందు వారమంతా ముసురు పట్టింది. పందిరి కింద నేల ఇంకా చిత్తడిగా ఉంది. లేత ఆకుల మీద ఆవగింజంత నల్లటి మచ్చలు, చుట్టూ పసుపు వలయం. కొన్నిచోట్ల మచ్చలు కలిసిపోయి ఆకు సగం మాడింది. పూగుత్తులు ఎండి, చెయ్యి తగిలితే రాలుతున్నాయి. ద్రాక్షలో ఇలాంటి మచ్చ కనిపిస్తే ముందు పక్షికన్ను తెగులు అనుకుంటాం. అది బూజు వల్ల వస్తుంది. కానీ ఆ మచ్చకు నడుమ బూడిదరంగు ఉంటుంది, ఇక్కడ లేదు. ఆకును ఎండకు ఎత్తి చూస్తే మచ్చలు ఆకు నరాల మధ్య మూలలు తేలి, నీళ్లలో నానినట్టు కనిపించాయి. ఇది బాక్టీరియా పని కావచ్చని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కొన్ని కలుపుమందుల తుంపర పడినా ఆకు మీద మచ్చలు వస్తాయి కాబట్టి దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

అప్పుడు మొయిన్ సాబ్ నన్ను పక్కకు పిలిచి వరుసలు చూడమన్నాడు. తోటలో జబ్బు పడ్డది వరుసకు ఒక్క తీగకే, అదీ ప్రతి వరుసలో మొదటి తీగకే. రెండో తీగ మీద అక్కడక్కడ చుక్కలు, మూడోది శుభ్రం. పటేల్ తిప్పిన వరుసలన్నీ లెక్క చూసుకున్నాను. ఎక్కడా తేడా లేదు.

అనుమానం మనిషికి అంతకంటే ఏం కావాలి? పటేల్ పక్కనే ఉన్నాడు. నేను ఆలోచించకుండా పైకే అన్నాను: "తెగులు వరుసలు లెక్కపెట్టుకుని రాదు. ఇది మనిషి చెయ్యి పడ్డట్టే ఉంది."

"ఇగ చాలు మేడం," అన్నాడు పటేల్. "ఆ చెయ్యి ఎవనిదో నాకు ఎర్కే."

ఆ చెయ్యి కొమరయ్యది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ద్రాక్ష కత్తిరించడంలో అతన్ని మించినవాడు లేడు. ఏ కణుపు దగ్గర కోస్తే గుత్తి వస్తుందో తీగను వేళ్లతో తడిమి చెప్పేవాడు. అంతకుమించి, అతని చెయ్యి మంచిదని పేరు. అందుకే ప్రతి తోటలోనూ బోణీ కోత అతనితోనే చేయించేవారు. అతను వరుసకు మొదటి తీగను కోసి ముందుకు పోతుంటే, మిగతా తీగలను కూలీలు తమ కత్తెరలతో కోసుకుంటూ వచ్చేవారు. సీజను ఎప్పుడూ పటేల్ తోటలోనే మొదలు, ఎక్కువ కాసేది అదే కాబట్టి. అక్కడి నుంచి కొమరయ్య ఒక్కొక్క తోటకూ తన కత్తెరతో పోతాడు. ఆ కత్తెరకు సీజను అయ్యేదాకా నీళ్లు తగలనిచ్చేవారు కాదు. పటేల్ తోట కాపు కత్తెర మీద తమ తోటకూ వస్తుందని రైతుల నమ్మకం. ఒకసారి కడుక్కుంటానంటే ఒక రైతు కత్తెర లాక్కున్నాడట.

ఆ సాయంత్రమే పటేల్ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. తనతో బావి తగాదా ఉన్న దాయాది డబ్బిచ్చి కొమరయ్య కత్తెరకు విషం పూయించాడని రాసిచ్చాడు. సాక్ష్యంగా నా మాట రాశాడు: సర్కారు మేడం స్వయంగా చూసి మనిషి చేసిన పనే అన్నది.

అదే సాయంత్రం ఇక్కడ నేను మచ్చపడ్డ ఆకు అంచును సన్నగా కోసి నీటిచుక్కలో పెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తున్నాను. కోసిన అంచులోంచి అగరుబత్తి పొగలా తెల్లటి ధార నీళ్లలోకి పాకింది. ఆ పొగంతా బాక్టీరియానే. బూజు అయితే దారాలు కనిపించాలి, విషం అయితే ఏమీ కనిపించకూడదు. అంటే గుర్తించడం అయింది, నిర్ధారించడం మిగిలింది. మూడోరోజు ఎస్సై మనిషిని పంపి, విషమా కాదా రాసివ్వమన్నాడు. నిర్ధారణ పెండింగ్ అని రాసి పంపాను. తోటలో నిమిషం ఆగకుండా వాగిన నోరు, కాగితం దగ్గరికి వచ్చేసరికి పద్ధతి గుర్తుతెచ్చుకుంది.

దాంతో కొమరయ్యను ఆదివారాలు తప్ప రోజూ పొద్దున స్టేషన్‌కు వచ్చి సాయంత్రం దాకా కూర్చోమన్నారు. కొట్టలేదు, లోపల వేయలేదు. కత్తెరను మాత్రం పేపర్లో చుట్టి తీసుకున్నారు. కోత కాలం ఇంకా మిగిలి ఉంది. ఆలస్యంగా కోసే తోటలవాళ్లు వేరేవాళ్లను పిలుచుకున్నారు.

వారం తిరక్కముందే ఒక ఆదివారం అతను సిద్దిపేట వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, కుడి బొటనవేలి కింద కత్తెర కాయ కాసిన మనిషి. లోపలికి రమ్మన్నా రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"మనిషి చేసిండు అన్నరట గదా మేడం. ఏ మనిషో గది గూడ చెప్పున్రి."

విషం కాదని నాకు అనిపిస్తోందని, కానీ రుజువు కావాలంటే ఇంకొన్నాళ్లు పడుతుందని చెప్పాను.

"మీకు అనిపిచ్చినప్పుడు అన్నరు. ఇప్పుడు గూడ అనిపిస్తుంది గదా, గట్లనే ఆడికొచ్చి అనున్రి," అన్నాడు.

న్యాయమైన మాట. అయినా వెళ్లలేదు. రుజువు లేకుండా ఒకసారి మాట్లాడినందుకు ఇంత జరిగితే, రెండోసారి మాట్లాడితే ఏమవుతుందో అని భయం. తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అది జాగ్రత్త కాదు, పిరికితనం.

ఇక నా పెట్రీ పళ్లాల సంగతి. మొక్కలకు ఇలాంటి మచ్చలు తెచ్చే బాక్టీరియా జాతి, పళ్లెంలో పోసే అగర్ అనే జిగురు మేత మీద పెరిగితే పసుపుపచ్చగా ఉండాలి. పుస్తకంలో అలాగే ఉంది, నిమ్మ గజ్జి తెగులులో నేను కళ్లారా చూశాను. ఈ ద్రాక్ష ఆకుల నుంచి తీసినవి తెల్లగా పెరిగాయి. గాలిలోంచి వేరే క్రిమి పడి పాడుచేసిందనుకుని పళ్లాలన్నీ పారేశాను. రెండోసారి కుక్కర్ మూత రబ్బరు సరిగా లేదని మొయిన్ సాబ్‌ను అనుమానించి, ఆయన చూస్తుండగానే గాజు సామానంతా మళ్లీ ఉడికించాను. మళ్లీ తెల్లగానే వచ్చాయి. మళ్లీ పారేశాను. మూడోసారి కూడా తెల్లగానే వస్తే మొయిన్ సాబ్ పళ్లెం నా చేతికి ఇవ్వకుండా పట్టుకున్నాడు.

"మేడం, చెడిపోయేది రోజుకో తీరు చెడిపోతది. ఇది మూడుసార్లు ఒక్కతీరే వచ్చింది. దీన్ని పారెయ్యకున్రి."

హైదరాబాద్‌లో నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్‌కు ట్రంకాల్ చేశాను. ద్రాక్ష మీద వచ్చే రకానికి పసుపు రంగు ఉండదని, తెల్లగానే పెరుగుతుందని ఆయన చెప్పారు. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని కూడా అడిగారు. క్రిమి మొదటిరోజు నుంచీ నిజమే చెబుతోంది. దాన్ని నమ్మనిది నేను. అప్పటికి కొమరయ్య స్టేషన్ అరుగు మీద కూర్చోవడం మొదలై మూడు వారాలు.

బాక్టీరియా అని తేలింది. మరి మొదటి తీగకే ఎందుకు? తర్వాతి ఆదివారం కొమరయ్యను పిలిచి ఈ సీజనులో ఏ తోట తర్వాత ఏ తోటకు పోయాడో చెప్పమన్నాను. వేళ్లు మడుస్తూ తొమ్మిది తోటలు చెప్పాడు. ఆ వారమంతా మొయిన్ సాబూ నేనూ ఆ తొమ్మిదీ తిరిగాం. అన్నిటిలోనూ వరుసకు మొదటి తీగే. పటేల్ తోటలో ఎక్కువ, రెండో తోటలో కాస్త తక్కువ, మూడో తోటలో ఇంకొంచెం తక్కువ. తొమ్మిదో తోటలో మొదటి రెండు వరుసల్లో మాత్రం నాలుగు మచ్చలు. అతను తోటలు చెప్పిన క్రమానికీ జబ్బు తగ్గిన క్రమానికీ ఎక్కడా తేడా లేదు. విషం పూసినవాడు తొమ్మిది తోటలకు ఎందుకు పూస్తాడు? పటేల్ దాయాది తోట కూడా ఆ తొమ్మిదిలో ఉంది.

అయితే జబ్బు కత్తెరకు ఎక్కడ అంటింది? కొమరయ్య వెంటనే చెప్పలేదు. పటేల్ పేరు ఎత్తడం అతనికి కష్టంగా ఉంది. చివరికి నేల చూస్తూ అన్నాడు. "బోణీ ఈశాన్యం మూలల కొత్త తీగలకాడ చేసిన మేడం. నిరుడు లారీల వచ్చినయి, తడి గోనెల చుట్టి. షోలాపూర్ దిక్కుకెల్లి అన్నరు. అప్పుడే ఒకటి రెండు కట్టెల మీద నల్ల చారలుండె. పటేల్‌కు చూపెట్టిన. ఎండకు గట్లయినయ్ అన్నడు."

పటేల్ నన్ను తోటలో తిప్పినరోజు ఆ మూలకు మాత్రం తీసుకుపోలేదు. ఇప్పుడు వెళ్లి కొత్త తీగలు ఎక్కడివని అడిగితే మీ సర్కారు నర్సరీవేనన్నాడు. అనుమానం వచ్చి నర్సరీకి ఉత్తరం రాస్తే, ఆ ఏడాది ఆ రకం ఎవరికీ ఇవ్వలేదని జవాబు వచ్చింది. ఉత్తరం పట్టుకుని వెళ్లాను. ఈసారి పటేల్ ఆ మూలకు నడిపించాడు. కాండం మీద నల్లగా పగిలిన పుండ్లు, ఒక వానాకాలం దాటినవి. ఇవి నిన్న మొన్నటివి కావు.

"రైతు మంచి రకం తెచ్చుకునుడు తప్పా మేడం?" అన్నాడు. తప్పు కాదన్నాను. జబ్బు తేవాలని తెచ్చుకోలేదు కదా అన్నాడు. అదీ నిజమే. మరి కొమరయ్య తెచ్చాడా అని అడిగితే మాట మార్చి చాయ్ తెప్పించాడు.

ఇక చివరి మెట్టు. కత్తెర ద్వారా ఈ జబ్బు పాకుతుందని రుజువు చేయాలి. పది కుండీల్లో ఆరోగ్యంగా ఉన్న ద్రాక్ష మొక్కలు తెప్పించాను. జబ్బు కొమ్మను కోసిన కత్తెరతో తుడవకుండా అయిదు మొక్కలను కోయాలి. మళ్లీ జబ్బు కొమ్మను కోసి, ఈసారి స్పిరిట్‌తో తుడిచి మిగతా అయిదూ కోయాలి. ఈ పని నేనే చేసేదాన్ని. కొమరయ్య ఒప్పుకోలేదు. "నా చెయ్యి మీద మాట వచ్చింది. నా చెయ్యే కొయ్యాలె," అన్నాడు. ఎస్సైకి రాసి అతని కత్తెర తెప్పించాం, స్పిరిట్‌లో ముంచి శుద్ధి చేశాం. అతను ఒక్కొక్క తీగనూ తడిమి, కణుపు చూసి, తోటలో కోసినంత శ్రద్ధగా కోశాడు. అప్పటికి చలి ముదిరింది కాబట్టి కుండీలను బల్బు కింద వెచ్చగా పెట్టి, గోనె తడిపి కప్పాం.

పదిహేనో రోజున అతన్ని పిలిచాను. తుడవకుండా కోసిన అయిదు కుండీల్లోనూ చిగురు మీద నల్ల మచ్చలు. తుడిచి కోసిన అయిదూ పచ్చగా ఉన్నాయి. కొమరయ్య మొదటి అయిదు కుండీల ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క ఆకునూ తిప్పి చూశాడు. ఇందులో నీ తప్పు లేదు, కత్తెర తుడవాలని నీకెవరూ చెప్పలేదు, కడుక్కోనివ్వలేదు కూడా అని నేను చెబుతూనే ఉన్నాను. విన్నాడో లేదో తెలియదు. లేచి, ఆకులు పట్టుకున్న చేతిని పంచెకు రెండుసార్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మచ్చల్లోంచి మళ్లీ అదే తెల్లటి క్రిమిని తీసి, జనవరిలో రిపోర్టు రాశాను. ద్రాక్షలో బాక్టీరియా ఆకుమచ్చ, ఈ ప్రాంతంలో మా శాఖ దృష్టికి రావడం ఇదే మొదలు. విషప్రయోగం లేదు. కత్తిరింపు పరికరాల ద్వారా వ్యాప్తి. నివారణకు జబ్బు కొమ్మలు కోసి కాల్చడం, రాగి మందు పిచికారీ, తీగ తీగకూ కత్తెర స్పిరిట్‌తో తుడవడం. ఒక ప్రతి స్టేషన్‌కు పంపాను. ఎస్సై ఫిర్యాదు మూసేశాడు. పైనుంచి నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. కొమరయ్యకు మేలు చేశాననే అనుకున్నాను.

మరుసటి అక్టోబరులో ఆ తోటలకు మళ్లీ వెళ్లాను. ప్రతి పందిరి కింద స్పిరిట్ సీసా, గుడ్డపేలిక ఉన్నాయి. కోతవాళ్లు తీగ తీగకూ తుడుస్తున్నారు. నా రిపోర్టు ఇంత బాగా అమలైనది ఇంకెప్పుడూ చూడలేదు. కొమరయ్య మాత్రం ఒక్క తోటలోనూ లేడు. అడిగితే ఒక రైతు మొహమాటపడుతూ చెప్పాడు: "మీరే రాసిన్రు గదా మేడం, ఆయన చేతికెల్లి వచ్చిందని."

అతన్ని గజ్వేల్ కూరగాయల మార్కెట్లో చూశాను. టమాటా గంపలు లారీకి ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు.

"విషం పెట్టిన అని అన్నప్పుడు సగం ఊరు నమ్మలే మేడం. కొమరయ్య గసుంటోడు కాదు అన్నరు. చెయ్యిల జబ్బుందని కాయితం వచ్చినంక అందరు నమ్మిన్రు. విషమంటే ఎన్నడో ఒకనాడు మర్చిపోతరు. చెయ్యి చెడ్డదంటే మల్ల ఎవడు పిలుస్తడు?"

నీ చేతిలో జబ్బుందని నేను రాయలేదన్నాను. కత్తెర అని రాశానన్నాను. అతను తల ఊపి గంప ఎత్తుకున్నాడు.

ఆఫీసుకు వచ్చి ఫైలు తెరిచి చదివాను. కత్తెర అనే రాశాను. "కొమరయ్య అను కోత పనివాని కత్తెర" అని రాశాను. అతని పేరు నాలుగుచోట్ల ఉంది. వ్యాధి మూలం అనే గడిలో "బయటి ప్రాంతము నుండి తేబడిన మొక్కలు" అని ఉంది. ఎవరు తెచ్చారో లేదు. నర్సరీ ఉత్తరం ఫైల్లో లేదు. నర్సింహారెడ్డి పేరు ఒక్కచోటే ఉంది, ఫిర్యాదుదారుగా. నన్నెవరూ అలా రాయమనలేదు. పటేల్ అడగనైనా అడగలేదు. అతన్ని అనుమానించడానికి నాకు ఆధారాలున్నాయి, అయినా పేరు రాయడానికి నా కలం తనంతట తానే వెనకాడింది. నాకు సిగ్గేసింది. అనుబంధంగా ఇంకో కాగితం రాసి పంపాను. ఫైలులో అతికించారు. దాన్ని ఊళ్లో ఎవరూ చదవలేదు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు సర్వీసు చేశాను. ఈ సంఘటన నుంచి నేర్చుకుని పాటించినవి మూడు. తోటలో నిలబడి కారణం చెప్పకూడదు. పళ్లెంలో వచ్చినది పుస్తకంలో ఉన్నదానిలా లేకపోతే పారేసే ముందు రెండోసారి పెంచాలి. మూడోది, సంతకం పెట్టే ముందు రిపోర్టులో మనుషుల పేర్లన్నిటి కింద గీత గీసి చూసుకోవాలి. రాస్తే జబ్బు తెచ్చినవాడి పేరూ మోసినవాడి పేరూ రెండూ రాయాలి, లేదా రెండూ కొట్టేయాలి.